లినక్స్‌లో ఆటలు: రోజూ వచ్చే వార్తల్లో ఏది పట్టించుకోవాలి?

ప్రశ్న: విండోస్ 10కి సపోర్టు ఆగిపోయాక లినక్స్‌కి మారాను. ఆటలు చాలావరకు బాగానే నడుస్తున్నాయి. కానీ ఓపెన్ సోర్స్ వార్తలు చదవడం మొదలుపెట్టాక టెన్షన్ ఎక్కువైంది. ఒకరోజు కొత్త కెర్నెల్‌తో (లినక్స్‌కి గుండెకాయ లాంటిది) ఆటలు ఏడు రెట్లు వేగం అంటారు. మర్నాడు 32-బిట్ తీసేస్తున్నారు, ఆటలు కొని ఆడుకునే స్టీమ్ ఇక పనిచేయదు అంటారు. తెరమీద కిటికీలు చూపించే పాత ఎక్స్11 పోతోందట. ఏది నమ్మాలి? వార్త వచ్చినప్పుడల్లా డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) మార్చాలా? నాది ఎన్‌విడియా కార్డు, అప్పుడప్పుడు తెర మినుకుమినుకుమంటోంది కూడా.

సమాధానం:

ముందు చివరి దానికి జవాబు చెప్తాను: డిస్ట్రో మార్చకండి. మిగతాది తీరిగ్గా చదవండి, కాస్త పొడుగే ఉంటుంది.

నేను లినక్స్‌లో ఆటలు మొదలుపెట్టింది వైన్ (విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) 1.0 వచ్చిన రోజుల్లో, అంటే 2008లో. వైన్ పని 1993లో మొదలైంది. 1.0 అనిపించుకోడానికి దానికి పదిహేనేళ్లు పట్టింది. ఆ పదిహేనేళ్లూ "ఇదిగో వచ్చేస్తోంది" అనే వార్తలు వస్తూనే ఉన్నాయి. అప్పటినుంచి నాకు ఒక అలవాటు పట్టుకుంది. ఏ వార్త చూసినా ఇది ఏ మెట్టు మీద ఉంది అని చూస్తాను. ఎవరో ప్రతిపాదించారా? కోడ్ రాసి చూపించారా? ఆ కోడ్‌ని అసలు ప్రాజెక్టులో కలుపుకున్నారా? కలిపిన కూర్పు విడుదలైందా? విడుదలైంది నా డిస్ట్రోలోకి వచ్చిందా? ఒక్కో మెట్టుకీ మధ్య నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది. వార్తల్లో మాత్రం అన్ని మెట్లకీ ఒకే సైజు హెడ్డింగు.

మీరన్న "ఏడు రెట్లు వేగం" సంగతే తీసుకుందాం. అది ఎన్‌టీసింక్ గురించి. నేను చూసినంతలో జనం ఇంతగా అపార్థం చేసుకున్న వార్త ఇంకోటి లేదు.

విండోస్ ఆటలో చాలా థ్రెడ్లు, అంటే పని చేసే పాయలు, ఒకేసారి పనిచేస్తుంటాయి. "నువ్వు ఆ పని ముగించేదాకా నేను ఆగుతాను" అని అవి ఒకదానికొకటి చెప్పుకోడానికి విండోస్ కెర్నెల్‌లో కొన్ని ఏర్పాట్లున్నాయి. వైన్‌లో ఈ కబుర్లు మోసేది వైన్‌సర్వర్ అనే వేరే ప్రోగ్రాము. థ్రెడ్ ఆగాలన్నా, లేవాలన్నా దాని దగ్గరికి వెళ్లి రావాలి. ఆఫీసులో ప్రతి కాగితమూ ఒకే గుమాస్తా చేతిమీదుగా పోవాలంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. దీన్ని తప్పించుకోడానికి మొదట ఈసింక్ వచ్చింది, తర్వాత ఎఫ్‌సింక్ వచ్చింది. రెండూ లినక్స్‌లో ఉన్న సరుకుతోనే విండోస్ పద్ధతిని అనుకరించాయి. వేగంగానే ఉన్నాయి గానీ కొన్ని చోట్ల విండోస్ చేసినట్టు అచ్చంగా చేయలేవు. ఉదాహరణకి ఒక థ్రెడ్ నాలుగైదు వాటికోసం ఒకేసారి ఎదురుచూస్తూ, అన్నీ దొరికాకే కదలాలంటే వాటికి చిక్కే. అందుకని ఆ ఏర్పాట్లను నేరుగా లినక్స్ కెర్నెల్‌లోనే పెట్టేద్దామన్నది ఎన్‌టీసింక్.

2024 జనవరిలో వైన్ మీద పనిచేసే కోడ్‌వీవర్స్ కంపెనీకి చెందిన ఎలిజబెత్ ఫిగురా ఆ ప్యాచ్‌లను (కోడ్ మార్పులను) కెర్నెల్ వాళ్ల ముందు పెట్టారు. వాటితోపాటు ఇచ్చిన పట్టికలో డర్ట్ 3 అనే ఆట సెకనుకు 110.6 ఫ్రేముల నుంచి 860.7కి పెరిగింది. అంటే 678 శాతం ఎక్కువ. ఇంకేం, ఆ ఒక్క అంకె ప్రపంచమంతా తిరిగింది. పట్టికలో అబద్ధమేమీ లేదు. పోల్చింది మాత్రం మామూలు వైన్‌తో. ఈసింక్, ఎఫ్‌సింక్ రెండూ లేని వైన్ అన్నమాట. మీరు స్టీమ్‌లో ప్రోటాన్‌తో (స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ వైన్ మీద కట్టింది) ఆడుతున్నారు, అందులో ఎఫ్‌సింక్ ఎప్పటినుంచో ఉంది. దానికి కావలసిన సౌకర్యం 2022 జనవరిలో వచ్చిన 5.16 కెర్నెల్‌లోనే చేరింది. కాబట్టి వేగంలో పెద్ద భాగం మీరు ఇప్పటికే అనుభవిస్తున్నారు, తెలియకుండానే. అదే పట్టికలో ఇంకో ఆటకి 34 శాతమే పెరిగింది, దాని గురించి ఎవరూ రాయలేదు.

ఇక మెట్ల సంగతి. 6.10 కెర్నెల్‌లో ఎన్‌టీసింక్ కొంత చేరింది కానీ, పూర్తికాలేదు కాబట్టి ఎవరూ వాడకుండా పక్కన పెట్టి ఉంచారు. "కెర్నెల్‌లోకి వచ్చేసింది" అని అప్పుడే పండగ చేసుకున్నారు కొందరు. ఇల్లు అలకగానే పండగవుతుందా! పూర్తిగా వచ్చింది 2025 మార్చిలో, 6.14తో. ఆ తర్వాత వైన్ దాన్ని వాడుకోవడం నేర్చుకోవాలి, మీ డిస్ట్రో ఆ మాడ్యూల్‌ని (కెర్నెల్‌లో ఆ ముక్కని) ఆన్ చేయాలి. ఇన్ని జరిగాక మీకు కనిపించే లాభం ఏమిటంటారా? కొన్ని ఆటల్లో ఉన్నట్టుండి బిగుసుకుపోవడం తగ్గుతుంది, ఎఫ్‌సింక్‌తో మొరాయించే ఒకటీ అరా ఆటలు దారికొస్తాయి. నా దృష్టిలో ఇది ఏడు రెట్ల వేగం కంటే మంచి వార్త, ఎందుకంటే ఇది నిజం.

ఇప్పుడు 32-బిట్, అంటే పాత ఆటలు ఆధారపడే లైబ్రరీల సంగతి. ఈ సినిమా రెండుసార్లు ఆడింది. 2019 జూన్‌లో ఉబుంటు 19.10 నుంచి 32-బిట్ లైబ్రరీలు తీసేస్తామని ఉబుంటు తయారుచేసే కంపెనీ కెనానికల్ ప్రకటించింది. అలాగైతే ఉబుంటుని ఇక సిఫార్సు చేయమని వాల్వ్ వైపునుంచి మాట వచ్చింది. కొద్దిరోజుల్లోనే కెనానికల్ వెనక్కి తగ్గింది. 2025 జూన్‌లో ఫెడోరాలో ఇలాంటిదే ప్రతిపాదన వచ్చింది. ఫెడోరా మీద కట్టిన బజైట్ అనే గేమింగ్ డిస్ట్రో మొదలుపెట్టిన ఆయన, ఇదే జరిగితే తమ ప్రాజెక్టు మూసేసుకోవాల్సిందే అన్నారు. రోజుల్లో ప్రతిపాదనని ఉపసంహరించుకున్నారు. రెండుసార్లూ ఎవరి కంప్యూటర్లోనూ ఏ లైబ్రరీ పోలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టని దానికి జనం ఏడ్చారు.

అలాగని ఆ ప్రతిపాదన పెట్టినవాళ్లు దుర్మార్గులేం కాదు. వేల ప్యాకేజీలని రెండోసారి 32-బిట్‌కి కట్టి, పరీక్షించి, సెక్యూరిటీ ప్యాచ్‌లు వేస్తూ కూర్చోవడం ఎవరో ఒకరి సాయంత్రాలని తింటుంది. ఏదో ఒకరోజు అవి పోవాల్సినవే. 64-బిట్ వైన్‌లోనే పాత 32-బిట్ ఆటలు నడిపే పద్ధతి ఇప్పటికే ఉంది, అది ముదిరే కొద్దీ ఈ అవసరం తగ్గుతుంది. పాత లినక్స్ పోర్టుల (లినక్స్ కోసం మార్చి కట్టిన ఆటల) సంగతే మిగులుతుంది.

పోర్టులంటే గుర్తొచ్చింది, ఒక తప్పు ఒప్పుకోవాలి. 2018 ఆగస్టులో వాల్వ్ ప్రోటాన్‌ని ప్రకటించినప్పుడు నేను గట్టిగా వ్యతిరేకించినవాణ్ణి. "ఇక లినక్స్‌కి సొంతంగా ఆటలు ఎవరు చేస్తారు, అందరూ విండోస్‌ది పారేసి మీరే నడుపుకోండి అంటారు" అని నా వాదన. జరిగింది చాలావరకు అదే. కానీ నేను ఊహించనిది ఇంకోటుంది. లినక్స్ కోసమే చేసిన ఒక ఆటని నేను కొనుక్కుని దాచుకున్నాను. కొన్నేళ్ల తర్వాత తెరిస్తే శబ్దం లేదు. ఇంకో రెండేళ్లకి అసలు తెరుచుకోనే లేదు. దాని కింద ఉన్న లైబ్రరీలన్నీ మారిపోయాయి, చేసిన కంపెనీ ఎప్పుడో చేతులు దులుపుకుంది. అదే ఆట విండోస్ కూర్పుని ప్రోటాన్‌లో పెడితే చక్కగా ఆడింది. నాకు తిక్క కుదిరింది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2022 ఆగస్టుది. దాదాపు ప్రతి ప్రోగ్రాముకీ ఆధారమైన జీలిబ్‌సీ లైబ్రరీ 2.36 వచ్చినప్పుడు, డీటీ హాష్ అనే పాత పట్టికని లైబ్రరీలో పెట్టడం మానేశారు. కొత్త పట్టిక ఎప్పటినుంచో ఉంది కాబట్టి పాతది అక్కర్లేదనుకున్నారు. కానీ ఆటల్లో మోసాల్ని పట్టే ఈజీ యాంటీ-చీట్ ఆ పాత పట్టికనే చూసుకుంటోంది. ఆర్చ్ లాంటి డిస్ట్రోల్లో అప్‌డేట్ చేసుకున్నవాళ్లకి ఆటలు ఆగిపోయాయి. తప్పెవరిదని రెండు వారాలు కొట్టుకున్నారు. రెండువైపులా న్యాయముంది, ఆటలు మాత్రం ఆగాయి. లినక్స్‌లో మారకుండా ఉండే ఇంటర్‌ఫేస్ ఒకటే, అది విండోస్‌ది అని మన వాళ్లలో ఒక జోకుంది. అది సగం జోకే.

ఈజీ యాంటీ-చీట్ పేరు వచ్చింది కాబట్టి ఆ బాధ కూడా చెప్పేస్తాను. ఇక్కడే మీరు వార్తల్ని నిజంగా పట్టించుకోవాలి.

ఈజీ యాంటీ-చీట్, అలాంటిదే అయిన బ్యాటిల్‌ఐ రెండూ 2021 సెప్టెంబర్‌లోనే ప్రోటాన్‌కి తలుపు తెరిచాయి. అంటే టెక్నికల్‌గా దారి ఉంది, నడవాలో వద్దో ఆట కంపెనీ ఇష్టం. అపెక్స్ లెజెండ్స్ కొంతకాలం ఆ దారిలో నడిచింది. 2024 అక్టోబర్ 31న మూసేసింది. లినక్స్ దారిలో చీటింగ్ చేసేవాళ్లు ఎక్కువవుతున్నారని కారణం చెప్పారు. అదే ఏడు సెప్టెంబర్‌లో జీటీఏ ఆన్‌లైన్‌కి బ్యాటిల్‌ఐ తగిలించి, లినక్స్ వైపు తెరవకుండా వదిలేశారు. అప్పటిదాకా బాగా ఆడుకుంటున్నవాళ్లు ఒక్క అప్‌డేట్‌తో బయట పడ్డారు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కి వ్యాన్‌గార్డ్ అనే యాంటీ-చీట్ వచ్చాక దానిదీ అదే గతి.

కంపెనీల వాదనలో పస లేదని నేననను. కెర్నెల్ స్థాయి యాంటీ-చీట్‌కి బలం ఎక్కడిదంటే, కింద ఉన్న కెర్నెల్ ఆటగాడి చేతిలో లేదన్న నమ్మకం నుంచి. లినక్స్‌లో కెర్నెల్ మీ చేతిలోదే. కావాలంటే మార్చి కట్టుకోవచ్చు, యాంటీ-చీట్ అడిగినదానికి అబద్ధం చెప్పించవచ్చు. మనం లినక్స్‌ని ప్రేమించే కారణమే వాళ్ల భయానికి కారణం. ఇది ప్యాచ్‌తో తీరే తగువు కాదు. కాబట్టి "ఫలానా ఆటకి లినక్స్ సపోర్టు రాబోతోందట" అన్న పుకారు ఎన్నిసార్లు వచ్చినా నేను తెరిచి కూడా చూడను. ఏ ఆట కంపెనీ మాడ్యూలూ నా కెర్నెల్‌లో కూర్చోవడం నాకిష్టం లేదు. 2024 జులైలో క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డప్పుడు అందరికీ తెలిసొచ్చింది, కెర్నెల్‌లో బయటివాణ్ణి కూర్చోబెడితే ఏమవుతుందో. నేను ఆ ఆటలు వదిలేశాను. మీ స్నేహితులంతా వాటిలోనే ఉంటే వాటికోసం విండోస్ ఒక పక్కన ఉంచుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. చేయకూడనిది ఒకటుంది: దొడ్డిదారి చిట్కాలతో ఆ ఆటల్లోకి దూరడం. అకౌంటు పోతుంది.

ఎక్స్11 గురించి ఎక్కువ చెప్పను. కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్‌లో 6.8 నుంచి, ఎక్స్11 స్థానంలో వచ్చిన వేల్యాండ్ ఒక్కటే ఉంటుందని 2025 నవంబర్‌లో ప్రకటించారు, ఇంకో డెస్క్‌టాప్ గ్నోమ్ కూడా అదే దారిలో ఉంది. పోతున్నది ఎక్స్11 సెషన్. ఎక్స్11 ప్రోగ్రాములు నడిపే ఎక్స్‌వేల్యాండ్ అక్కడే ఉంటుంది. మీరు వేల్యాండ్‌లో ఆడుతున్న ఆటల్లో చాలావాటిని ఇప్పుడు నడిపేది అదే.

ఎన్‌విడియా సంగతి మీకు కావాలి కదా. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా ముందే ఆ కంపెనీకి మధ్యవేలు చూపించాడు. 2022 మేలో ఎన్‌విడియా తన కెర్నెల్ మాడ్యూళ్ల కోడ్‌ని విడుదల చేసింది. "ఎన్‌విడియా డ్రైవర్ ఓపెన్ సోర్స్ అయిపోయింది" అని రాశారు. అయింది కెర్నెల్ ముక్క మాత్రమే, అదీ ట్యూరింగ్ తరం, ఆ తర్వాతి కార్డులకి. ఆటలు బొమ్మలు గీయడానికి వాడే వల్కన్, ఓపెన్‌జీఎల్ ఉండే పైభాగం మూసే ఉంది. కానీ ఆ ముక్క వల్ల లాభం లేకపోలేదు. బయటివాళ్లు కట్టుకుంటున్న ఎన్‌వీకే అనే వల్కన్ డ్రైవర్ ఊపందుకుంది. ఆటలకి దాన్ని ఇప్పుడే నమ్ముకోమని చెప్పను గానీ, ఐదేళ్ల క్రితం ఇలాంటి మాట అంటే నవ్వేవాళ్లు.

మీ తెర మినుకుమినుకుమనడానికి ఎక్కువ అవకాశం ఉన్న కారణం ఎక్స్‌ప్లిసిట్ సింక్ లేకపోవడం. బొమ్మ గీయడం పూర్తయిందా లేదా అన్నది లినక్స్‌లో పాత పద్ధతి ప్రకారం పైకి చెప్పకుండానే తెలిసిపోవాలి. ఎన్‌విడియా డ్రైవర్ అలా పనిచేయదు. దాంతో సగం గీసిన ఫ్రేము, లేదా పాత ఫ్రేము తెరమీదకి వచ్చేసేది. "పూర్తయింది, ఇక చూపించు" అని పైకే చెప్పే వేల్యాండ్ ప్రోటోకాల్ 2024 మార్చిలో ఖాయమైంది, మేలో ఎన్‌విడియా 555 బీటా డ్రైవర్‌లో దానికి సపోర్టు వచ్చింది. ఏళ్ల తరబడి తిట్లు తిన్న సమస్య అలా సద్దుమణిగింది. ఆ వార్తకి వచ్చిన చప్పుడు చాలా తక్కువ. ఎన్‌విడియా కార్డున్న ఇళ్లలో దీపావళి చేసుకోవాల్సిన వార్త అది.

ఏఎండీ వైపు కూడా అలాంటి చప్పుడు లేని వార్తలే నాకు నచ్చుతాయి. వల్కన్‌కి లినక్స్‌లో వాళ్ల సొంత ఓపెన్ డ్రైవర్ ఏఎండీవీఎల్‌కే ఒకటి ఉండేది. దానికంటే ముందే, 2016లో, ఆ కంపెనీకి సంబంధం లేనివాళ్లు మీసా అనే ఓపెన్ గ్రాఫిక్స్ ప్రాజెక్టులో ఆర్‌ఏడీవీ అనే డ్రైవర్ మొదలుపెట్టారు. తర్వాత వాల్వ్ దానిమీద డబ్బు పెట్టి, షేడర్లని (గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములని) వేగంగా కంపైల్ చేసే ఏసీఓని జోడించింది. 2025 సెప్టెంబర్‌లో ఏఎండీ తన డ్రైవర్‌ని ఆపేసి, ఆర్‌ఏడీవీనే వాడుకోండని చెప్పింది. చిప్ తయారుచేసిన కంపెనీ, బయటివాళ్లు రాసిన డ్రైవరే మేలని ఒప్పుకోవడం! ఓపెన్ సోర్స్ ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను.

అదే ఏఎండీకి హెచ్‌డీఎంఐ 2.1 దగ్గర చుక్కెదురైంది. ఓపెన్ డ్రైవర్‌లో ఆ సపోర్టు పెట్టడానికి వాళ్లు కోడ్ తయారుచేసుకుని అనుమతి అడిగితే, ఆ ప్రమాణాన్ని చూసుకునే హెచ్‌డీఎంఐ ఫోరమ్ కాదు పొమ్మంది. ఈ సంగతి 2024 ఫిబ్రవరిలో బయటపడింది. తాము ఇవ్వరు, రాసుకున్నవాళ్లని పెట్టుకోనివ్వరు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. మీ స్నేహితుల్లో ఎవరైనా ఏఎండీ కార్డు కొని 4కే తెర మీద 120 హెర్ట్జ్ ఆడాలనుకుంటే, డిస్‌ప్లేపోర్ట్ ఉన్న మానిటర్ చూసుకోమనండి.

స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా వార్త ప్రతి నెలా మొదటివారంలో వస్తుంది. 2025 అక్టోబర్‌లో మొదటిసారి 3 శాతం దాటి 3.05కి చేరింది. సంతోషమే. కానీ సర్వేలో చైనా వాళ్ల సంఖ్య ఒక నెల పెరిగితే మన శాతం పడిపోతుంది, తగ్గితే లేస్తుంది. ఏడాదికోసారి చూస్తే చాలు.

నాకు నిజంగా నిద్ర పట్టనివ్వని విషయం ఇంకోటి, దాని గురించి మీరు అడగలేదు. ఈ పనంతటికీ జీతాలు ఎవరిస్తున్నారు? ప్రోటాన్, విండోస్ గ్రాఫిక్స్‌ని వల్కన్‌కి మార్చే డీఎక్స్‌వీకే, ఆర్‌ఏడీవీ, కెర్నెల్‌లో ఆటలకి పనికొచ్చే మార్పులు, ఎక్కడ తవ్వినా కిందనుంచి వాల్వ్ కనిపిస్తుంది. నేరుగానో, కోడ్‌వీవర్స్, కొలాబొరా, ఇగాలియా లాంటి సంస్థలకి పని ఇచ్చో. 1998లో లోకీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ ఒంటరిగా లినక్స్‌కి ఆటలు తేవడానికి ప్రయత్నించి 2002 జనవరికల్లా మూతపడింది. దాని నుంచి మనకు మిగిలింది ఆటలకి తెర, శబ్దం, మీటలు చూసుకునే ఎస్‌డీఎల్ లైబ్రరీ. అది ఓపెన్ కాబట్టే ఇప్పటికీ బతికి, ప్రోటాన్‌లో కూడా పనిచేస్తోంది. 2015లో వాల్వ్ ఆటల పెట్టెలు, స్టీమ్ మెషీన్లు, బోల్తా కొట్టినా, ఆ సమయంలో పడిన శ్రమ 2022లో చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌కి పునాది అయింది. ఇప్పుడు 2025 నవంబర్‌లో కొత్త స్టీమ్ మెషీన్‌ని ప్రకటించారు. అది అమ్ముడైనా కాకపోయినా కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌ని చూసుకునే మనుషులు ఉంటారా అన్నదే నా బెంగ.

ఎందుకంటే 2024 మార్చి 29 నాకు బాగా గుర్తు. ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ ప్రాజెక్టుని ఏళ్లుగా ఒక్క మనిషి ఖాళీ సమయంలో మోస్తున్నాడు. సాయం చేస్తానని వచ్చిన ఒక మారుపేరు మనిషి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించుకుని, 5.6.0, 5.6.1 కూర్పుల్లో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తన ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్లోకి వెళ్లే) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానపడి తవ్వబట్టి దొరికింది. ఎప్పటికప్పుడు కొత్త కూర్పులు వేసే రోలింగ్ డిస్ట్రోలు వాడేవాళ్లకి ఆ కూర్పు అప్పటికే చేరిపోయింది. ఆటలతో దీనికి సంబంధం లేదనుకుంటాం. కానీ మీరు ఆడే పెట్టెలోనే మీ పాస్‌వర్డులూ ఉన్నాయి. 2025 జులైలో ఆర్చ్ వాడేవాళ్లే ప్యాకేజీలు పెట్టే ఏయూఆర్‌లో బ్రౌజర్ ప్యాచ్‌ల పేరుతో మాల్వేర్ పెట్టినప్పుడు కూడా ఇదే అనుకున్నాను. "ఆటలకి వేగం పెంచే" ప్యాకేజీ అంటూ ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చే స్క్రిప్టులు నడపకండి. సెక్యూరిటీ వార్త ఒక్కటి మాత్రం వచ్చిన రోజే చదవండి.

మీ సమస్యకి వస్తే: డ్రైవర్ 555 కంటే పాతదైతే ముందు అది మార్చండి. కెర్నెల్ 6.14 గానీ, ఆపైది గానీ అయి, స్లాష్ డెవ్ (/dev) కింద ఎన్‌టీసింక్ అనే ఫైలు కనిపిస్తే మీ డిస్ట్రో ఆ పని చేసేసినట్టే. కొత్త కెర్నెల్ వేసుకున్నప్పుడు పాతదాన్ని తీసేయకుండా బూట్ మెనూలో ఉంచుకోండి. డ్రైవర్ కొత్తదే అయినా మినుకు తగ్గకపోతే కార్డు మోడల్, డ్రైవర్ నంబరు, డెస్క్‌టాప్ ఏదో, ఒక ఆటలోనే వస్తోందా అన్నిట్లోనా అన్నది ఇక్కడే రాయండి, చూద్దాం.